సముద్రంలో కాలు పెట్టని అల్లుడు

దీపాలదిబ్బ,
17 ఫిబ్రవరి 2025.

పెద్దమ్మా,

నీ కాళ్లకు దండం పెట్టి మొదలుపెడుతున్నాను. ఫోను చెవి దగ్గర పెట్టుకుంటే తేనెటీగల రొదలా ఉంటోందనీ, ఒక్క మాటా తెలియడం లేదనీ రమణి వదిన చెప్పింది. పోనీ వాట్సాప్‌లో రాద్దామంటే ముందు వంశీ అన్న చదువుతాడు, తర్వాత వదిన చదువుతుంది, ఆ తర్వాత ఇద్దరూ కలిసి నీ చెవిలో అరుస్తారు. ఆ అరుపుకు వేంపల్లె బస్టాండులో ఉన్నవాళ్లకు కూడా మన ఇంటి సంగతులు తెలిసిపోతాయి. అందుకే నువ్వు కోరినట్టు ఉత్తరమే రాస్తున్నాను. కవర్లు కావాలంటే పోస్టాఫీసులో అమ్మాయి నన్ను ఎగాదిగా చూసింది.

నిన్న ఆదివారం సముద్రానికి వెళ్లాం. మీ అల్లుడికి కోయిలకుంట్ల నుంచి ఇక్కడి కరెంటాఫీసుకు బదిలీ అయి ఇన్ని నెలలైనా, సముద్రాన్ని బస్సు కిటికీలోంచి చూడడమే గానీ తీరిగ్గా ఒడ్డున కూర్చున్నది లేదు. మా బడిలో నాతో పాటు పనిచేసే మహిమ ఊరుకోలేదు. ఇక్కడ కాపురముంటూ లైట్‌హౌస్ పార్కు చూడలేదంటే మా ఊరికే అవమానం అని, వాళ్లాయనా ఇద్దరు పిల్లలతో వచ్చి మమ్మల్ని లాక్కుపోయింది.

ఇంగ్లీషువాళ్ల కాలంలో కట్టిన దీపస్తంభం అది. ఎర్రపట్టీ, తెల్లపట్టీ, మళ్లీ ఎర్రపట్టీ. ఇప్పుడు ఓడలకు దారి చూపించే దీపం పక్కనున్న కొత్త స్తంభం మీద ఉంది. పాతదాన్ని మనలాంటి వాళ్లు చూసి పోవడానికి ఉంచారు. చుట్టూ సరుగుడు చెట్లు, ఉయ్యాలలు, సిమెంటు బెంచీలు, గేటు దగ్గర మిరపకాయ బజ్జీలు. నేనూ మహిమా పైదాకా ఎక్కాం. లోపల మెట్లు గుండ్రంగా తిరుగుతాయి, చివర ఇనుప నిచ్చెన. పైన నిలబడితే ఒకపక్క అంతా నీళ్లే. నేను మాత్రం రెండోపక్కకు తిరిగి, మన వైపు కొండలేమైనా కనబడతాయేమోనని చూశాను. అంత దూరం కనబడవండీ అని టికెట్లాయన నవ్వాడు.

ఇంతవరకూ బాగానే ఉంది. ఇక మీ అల్లుడి సంగతి విను. ఆయన స్తంభం ఎక్కలేదు. సముద్రంలో దిగలేదు. దిగకపోతే పోయె, కనీసం కాళ్లన్నా తడుపుకోవాలి కదా. అందరం మోకాళ్ల దాకా నీళ్లలో ఉంటే ఆయన ఎండిన ఇసుకలో, బూట్లు కూడా విప్పకుండా, మా సంచుల పక్కన కూర్చున్నాడు. మహిమ పిల్లలు చెరొక చెయ్యీ పట్టుకుని "అంకుల్, రండి" అని లాగితే చేతులు విడిపించుకుని ఇంకాస్త వెనక్కి జరిగాడు. చిన్నవాడు మొహం చిన్నబుచ్చుకుని వచ్చేశాడు. నాకు తల కొట్టేసినట్టయింది.

అది ఒక్కటే కాదు పెద్దమ్మా. కొత్త సంవత్సరం వచ్చినప్పటి నుంచి మంగలి షాపు గడప తొక్కలేదు. గడ్డం, జుట్టు పెరిగి మనిషి గుర్తుపట్టేలా లేడు. ఆఫీసులో కొత్త ట్రాన్స్‌ఫార్మర్‌కు పూజ చేసి టెంకాయ చేతికిస్తే, తను కొట్టకుండా పక్కవాడికి ఇచ్చేశాడట. ఆ మాట మహిమ వాళ్లాయన చెబితే నాకు తెలిసింది. అడిగితే ఏం లేదంటాడు. మాట తగ్గిపోయింది.

నీతో చెప్పాల్సిన విషయం ఒకటుంది. మంచి విషయమే. ఇంకా ఖాయం కాలేదు, అందుకే రాయడం లేదు. రెండుసార్లు ఆశ పెట్టుకుని పోగొట్టుకున్నదాన్ని, నోరు జారడానికి భయంగా ఉంది. ఈసారి ఆయన మనసు మారకుండా ఉంటే చాలు. నువ్వు ఒకసారి ఆంజనేయస్వామికి చెప్పుకో.

వంశీ అన్న చీనీ తోటలో, ఇక్కడివాళ్ల మాటలో బత్తాయి తోటలో, బోరు ఎలా ఉంది? చెవులకు చుక్కలు వేసుకుంటున్నావా, లేక సీసా అలమారలోనే ఉందా?

నీ
సాహితి


వేంపల్లె,
1 మార్చి 2025.

చిరంజీవి సాహితికి,

పెద్దమ్మ కృష్ణవేణమ్మ వెయ్యి దీవెనలతో రాసేది. నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మొదటిసారి అర్థం కాలేదు, రెండోసారి అనుమానం వచ్చింది, మూడోసారి చదివి దేవుడి పటం దగ్గర దీపం పెట్టాను. రమణి పరుగెత్తుకొచ్చి "ఏమైంది అత్తా, ఏడుస్తాండావు" అంది. ఏడవడం లేదు పోవే అన్నాను.

ఆ మాట నేను కాగితం మీద రాయను. మూడో నెల దాటేదాకా పేరు పెట్టి పలకకూడదు. నీకు తెలుసు, నాకు తెలుసు, అంతే. నువ్వు దాచిపెట్టి రాసినా నీ మొగుడు దాచలేకపోయాడు. పిచ్చిదానా, లెక్కలు చెప్పే పంతులమ్మవి, ఇంత చిన్న లెక్క నాకు తెలియదనుకున్నావా? కడుపుతో ఉన్న ఆడదాని మొగుడు సముద్రంలో మునగకూడదు, జుట్టు తీయించుకోకూడదు, టెంకాయ కొట్టకూడదు. మన పెద్దలు పెట్టిన పద్ధతి ఇది. మీ అత్త సంతోషమ్మ కొడుకును బాగా పెంచింది. నువ్వేమో అతని గడ్డం గురించి నాకు చాడీలు రాస్తున్నావు.

మీ పెదనాన్న ఓబులేసు సంగతి నీకు చెప్పానో లేదో. వంశీ నా కడుపులో పడ్డ కొత్తలో ఆయన ఊరివాళ్లతో కలిసి రామేశ్వరం బస్సు ఎక్కాడు. నేనింకా ఎవరికీ చెప్పుకోలేదు, సిగ్గు. అక్కడ ఊరంతా సముద్రంలో మునిగి లేస్తుంటే ఈయన ఒడ్డున కూర్చుని అందరి చెప్పులకూ సంచులకూ కాపలా కాశాడట. బస్సు తిరిగి రాకముందే ఆడవాళ్లందరికీ తెలిసిపోయింది. బస్సు దిగడం దిగడం మన వీధి సుబ్బలక్ష్మమ్మ మా ఇంటికొచ్చి ఎన్నో నెల అని అడిగింది. ఒడ్డున కూర్చున్న మగవాడిని చూస్తే మాకు అంత తెలుస్తుంది.

ఇప్పుడు తిట్లు. ఆ స్తంభం ఎందుకు ఎక్కావు నువ్వు? మెట్లు చాలక ఇనుప నిచ్చెన కూడానా? ఇంకెప్పుడూ ఆ పార్కు గేటులోకి పోవద్దు. పోతే ఆ సిమెంటు బెంచీ మీద కూర్చుని గాలి పీల్చుకుని రా. బిందె ఎత్తవద్దు. బడిలో నిలబడి పాఠం చెప్పవద్దు, కుర్చీ అడుగు, ఇవ్వకపోతే నా పేరు చెప్పు.

శివరాత్రికి మహానందికి పోయాం. కోనేటి నీళ్లు అద్దంలా ఉన్నాయి, అడుగున రాయి కూడా కనబడుతుంది. ఆ నీళ్లలో నిలబడి, వచ్చే శివరాత్రికి ముగ్గురినీ తీసుకొచ్చి స్నానం చేయిస్తానని మొక్కుకున్నాను. ఆంజనేయస్వామికి వేరుగా చెప్పుకున్నాను.

నేను ఎవరికీ చెప్పలేదు. రమణికి చెప్పాను, అది ఇంటిది. సుబ్బలక్ష్మమ్మకు చెప్పాను, ఆమె ఎవరికీ చెప్పదు. మీ అత్తకు చెప్పకపోతే రేపు మాట వస్తుంది కాబట్టి రమణి చేత కోయిలకుంట్లకు ఫోన్ చేయించాను. ఆమె ఫోనులోనే ఏడ్చిందట.

ఆర్టీసీ కార్గోలో డబ్బా పంపిస్తున్నాను. సున్నుండలు, చింతకాయ తొక్కు, తోటలో చీనీకాయలు. బోరు ఇంకా పోస్తోంది. చెవుల చుక్కలు వేసుకుంటున్నాను, ఏమీ లాభం లేదు.

దీవెనలతో
పెద్దమ్మ


దీపాలదిబ్బ,
10 మార్చి 2025.

పెద్దమ్మా,

డబ్బా అందింది. ఇంకా విప్పలేదు. ఈ ఉత్తరం ఎలా రాయాలో తెలియక రెండు కాగితాలు చించేశాను, ఇది మూడోది.

నేను కడుపుతో లేను.

నువ్వు కూర్చుని చదువుతున్నావనుకుంటాను. కూర్చోకపోతే కూర్చో. ఆయన సముద్రంలో దిగకపోవడానికి నువ్వనుకున్న కారణం లేదు. ఆ పద్ధతి ఒకటి ఉందని నాకు నీ ఉత్తరం చదివేదాకా తెలియదు. ముందు రెండుసార్లూ మేము కోయిలకుంట్లలో ఉన్నాం, అక్కడ సముద్రమెక్కడిది? గడ్డం ఆయన రోజూ గీసుకునేవాడు.

నీకు చెప్పాలనుకున్న విషయం వేరు. మేము దత్తతకు ప్రభుత్వంలో పేరు నమోదు చేసుకుని రెండేళ్లు దాటింది. రెండోసారి పోయాక డాక్టరమ్మ నా ఆరోగ్యం గురించి చెప్పిన మాటలు నీకు సగమే చెప్పాను. ఇంకోసారి ప్రయత్నిస్తే నాకే ప్రమాదమంది. ఆ రోజు ఆసుపత్రి మెట్ల మీద దత్తత మాట మొదట ఎత్తింది ఆయనే. మా ఇల్లు చూడ్డానికి ఆఫీసువాళ్లు వచ్చినప్పుడు, బిడ్డకు గది ఏదని వాళ్లు అడగకముందే చూపించాడు. మొన్న డిసెంబరు చివర్లో మీ వంతు దగ్గరపడిందని ఫోనుకు సందేశం వచ్చింది. ఆ రాత్రి నుంచే ఆయన ఇలా అయిపోయాడు. మాట్లాడడు. జుట్టు పెంచుకుంటాడు. పిల్లలు చెయ్యి పట్టుకుంటే విడిపించుకుంటాడు. పెద్దమ్మా, నాకు కనబడేదల్లా ఆ విడిపించుకున్న చేతులే. ఎవరి బిడ్డనో ఎత్తుకోవాల్సిన రోజు దగ్గరికొచ్చేసరికి ఆయనకు మనసు రావడం లేదు. నాతో చెప్పలేక లోపల లోపల నలుగుతున్నాడు.

మీ బిడ్డ ఇదిగో అని వాళ్లు ఫొటో పంపిస్తారు. ఆ తర్వాత సరేనని చెప్పడానికి గడువు చాలా కొద్దిగా ఉంటుంది. ఇద్దరం సంతకం పెట్టాలి. ఆయన పెట్టకపోతే ఆ బిడ్డ ఇంకొకరి ఇంటికి పోతుంది, మా పేరు మళ్లీ వరస చివరికి పోతుంది. ఈ భయంతో నేను అన్నం తినడం మానేశాను.

దీనికి తోడు మా అత్త శుక్రవారం ఆయనకు ఫోన్ చేసి ఏడుస్తూ శుభాకాంక్షలు చెప్పింది. ఆయన ఇంటికొచ్చి, "అమ్మకు నువ్వు చెప్పినావా?" అని ఒక్క మాట అడిగాడు. నేను చెప్పలేదన్నాను. మరి ఎట్ల తెలిసింది అన్నాడు. నాకూ కోపం వచ్చింది, నీ గడ్డం చెప్పింది పో అన్నాను. మేడ మీదకు పోయి కూర్చున్నాడు. నీ మీద కోపం లేదని రాస్తే అబద్ధమవుతుంది. రెండుసార్లు వీధి వీధంతా నన్ను పరామర్శించింది. మూడోసారి ఆ పరామర్శ నాకు వద్దనే నీకు కూడా చెప్పలేదు.

అత్తకు నువ్వే ఎలాగో చెప్పించు. సుబ్బలక్ష్మమ్మకు కూడా.

సాహితి


వేంపల్లె,
18 మార్చి 2025.

సాహితికి,

నీ ఉత్తరం వచ్చి నాలుగు రోజులైంది. వెంటనే రాస్తే నోటికొచ్చినట్టు రాస్తానని ఆగాను. ఇప్పుడూ కోపం పూర్తిగా పోలేదు, కాస్త ఆరింది.

మీ అమ్మ పోయినప్పుడు నీకు పాలపళ్లు కూడా ఊడలేదు. అప్పటి నుంచి నా పక్కలో పడుకున్నదానివి. డాక్టరమ్మ చెప్పిన మాట సగం నా దగ్గర దాచావు. రెండేళ్ల కిందట ఇంత పెద్ద నిర్ణయం చేసుకుని, పండగలకు వచ్చి, నా చేతి ముద్ద తిని, ఏమీ ఎరగనట్టు పోయావు. నేను వీధిలో చెప్పుకుంటాననే కదా. చెప్పుకునేదాన్నే, నిజమే. సంతోషమొస్తే కడుపులో దాచుకోవడం నాకు రాదు. కానీ నీకు ప్రమాదముందంటే నేను వీధిలో చెప్పేదాన్నా? ఆ మాత్రం తెలియదా నీకు?

ఇంకో మాట. ఎక్కడి బిడ్డో ఎందుకు? వంశీ రెండోవాడు లేడా? మన ఇంట్లో పిల్లలు లేనివాళ్లు అన్న బిడ్డనో, చెల్లెలి బిడ్డనో పెంచుకోవడమే నేను చూశాను. ఇదే మాట మొన్న అన్నం తినేటప్పుడు రమణితో అన్నాను. అది గిన్నె అక్కడే పెట్టి లేచిపోయింది. రెండు పూటలు నాతో మాట్లాడలేదు. మూడో పూట వచ్చి పక్కన కూర్చుని, నాకు వినబడేలా మెల్లగా చెప్పింది. "సాహితికి నా ప్రాణమిమ్మంటే ఇస్తా అత్తా. వాన్ని మాత్రం అడగొద్దు." నాకు సిగ్గేసింది. కన్నది ఎవరూ ఇవ్వరు. ఇచ్చే గతి లేనివాళ్ల బిడ్డ ఎక్కడో ఉంది, ఎత్తుకునేవాళ్ల కోసం చూస్తోంది. ఇంతకాలం నాకు ఆ వైపు ఆలోచన పోలేదు.

ఇంత చెప్పినా నాకు ఒకటి తెగడం లేదు. నీ మొగుడు సముద్రంలో దిగలేదు. జుట్టు తీయించుకోలేదు. టెంకాయ కొట్టలేదు. ఏదో ఒకటైతే బద్ధకమనుకుంటాను. మూడూ కలిశాయంటే అతనికి ఆ పద్ధతి తెలుసు, తెలిసే చేశాడు. మనసు విరిగిన మగవాడు గడ్డం పెంచుతాడు, ఒప్పుకుంటాను. మనసు విరిగినవాడు టెంకాయ ఎందుకు పక్కవాడికి ఇస్తాడు? కడుపుతో లేని పెళ్లానికి ఇవన్నీ ఎందుకు పాటించాడు? నాకు తెలియదు, నీకూ తెలియదు. తెలిసినవాడు నీ ఇంట్లోనే ఉన్నాడు.

నువ్వు అడగలేదు. ఏం లేదంటాడని రాశావు గానీ, బిడ్డ కావాలా వద్దా అని నోరు తెరిచి అడిగానని ఎక్కడా రాయలేదు. వద్దంటాడేమోనని భయం నీకు. ఇంట్లో అడిగితే మేడ ఎక్కి కూర్చుంటాడు కదా, ఆ స్తంభం మీదకు తీసుకుపో. అక్కడి నుంచి పైకి పోవడానికి ఇంకేమీ ఉండదు. ఇప్పుడు నువ్వు ఎక్కవచ్చు కూడా, నాకేం అభ్యంతరం లేదు.

మీ అత్తకు రమణి ఫోన్ చేసింది. ఆమె అంతా విని, మా వాడు ఎట్లుండాడు అని మాత్రం అడిగిందట. సుబ్బలక్ష్మమ్మకు నేనింకా చెప్పలేదు. రోజూ వచ్చి ఎన్నో నెల అంటోంది. చెవులు వినబడనట్టు కూర్చుంటున్నాను, ఈ చెవిటితనం ఇందుకైనా పనికొచ్చింది.

డబ్బా విప్పు. సున్నుండలు బూజు పడతాయి. అన్నం తిను.

పెద్దమ్మ


దీపాలదిబ్బ,
31 మార్చి 2025.

పెద్దమ్మా,

నిన్న ఉగాది. పొద్దున పచ్చడి చేశాను, నువ్వు పంపిన చింతకాయ తొక్కుతో అన్నం తిన్నాం. సాయంత్రం లైట్‌హౌస్ పార్కుకు పోదామన్నాను. ఎందుకన్నాడు. ఊరికే అన్నాను. మహిమ వాళ్లను పిలవలేదు.

పండగపూట కదా, జనం తిరునాళ్లలా ఉన్నారు. మా ముందు ఒక ముసలాయన మెట్టు మెట్టుకూ ఆగుతుంటే ఆయన వెనకే మేమూ ఆగుతూ ఎక్కాం. ఇనుప నిచ్చెన దగ్గర మీ అల్లుడు నాకు చెయ్యి అందించాడు. పైన గాలికి నా కొంగు, ఆయన జుట్టు ఒకటే ఎగురుతున్నాయి. కింద పిల్లలు నీళ్లలోకి పరుగెత్తుతున్నారు, అల రాగానే అరుస్తూ వెనక్కి వస్తున్నారు. ఆయన రెయిలింగు పట్టుకుని వాళ్లనే చూస్తున్నాడు. నువ్వు రాసిన మాట తలుచుకుని అడిగేశాను. బిడ్డ వద్దనుకుంటున్నావా, వద్దంటే ఇప్పుడే చెప్పు, ఫొటో వచ్చాక చెప్పొద్దు, అప్పుడు నేను తట్టుకోలేను అన్నాను.

ఆయన నా వైపు తిరిగి చూసిన చూపు నీకెలా చెప్పాలి? నేను కన్నడంలో అడిగినట్టు చూశాడు.

"వద్దా?" అన్నాడు. "బిడ్డ వస్తాండాదనే గదా మే, నేను సముద్రంలో దిగంది."

నాకు అర్థం కాలేదు. నిజంగా కాలేదు. అప్పుడు ఒక్కొక్కటీ చెప్పాడు. మొదటిసారి నేను కడుపుతో ఉన్నప్పుడు మా అత్త ఆయన్ను పక్కకు పిలిచి ఈ పద్ధతులన్నీ చెప్పిందట. ఈయన నవ్వి ఊరుకున్నాడు. రెండోసారీ అంతే. వాటి వల్ల ఏమైనా జరిగిందని ఆయన నమ్మడు, ఆ మాట గట్టిగానే అన్నాడు. కానీ వంతు దగ్గరపడిందని సందేశం వచ్చిన రాత్రి, బిడ్డ ఎక్కడో పుట్టేసి ఉంటుంది, మన దగ్గరికి రావడానికి దారిలో ఉంది అని అనిపించిందట. తను ఏదో ఒకటి చేయాలనిపించిందట. ఏం చేయాలో తెలియలేదు. తెలిసినవి ఇవే.

"కడుపు నీకు రాలే, నాకూ రాలే. బిడ్డయితే వస్తాండాది. ఈ తూరి ఇద్దర్లో ఒకరన్నా పట్టింపుగా ఉండాల గదా. నువ్వు లెక్కల టీచరువి, నగుతావని చెప్పలే."

నేను నవ్వలేదు పెద్దమ్మా. అంతమంది జనంలో, ఆ ముసలాయన చూస్తుండగా, ఆయన చొక్కా పట్టుకుని ఏడ్చాను. మూడు నెలలు పక్కనే ఉండి ఈ మనిషిని తప్పుగా చదివాను. మహిమ పిల్లల సంగతి కూడా అడిగాను. వాళ్లు చేతులు పట్టి నీళ్లలోకి లాగేస్తారని భయపడి విడిపించుకున్నాడట. చిన్నవాడి మొహం చూసి ఆ రాత్రి నిద్ర పట్టలేదట. మరుసటి రోజు వాళ్లింటికి పోయి వాడికి గాలిపటం కొనిచ్చాడు, నాకు చెప్పలేదు. మా అత్త ఫోన్ చేసినప్పుడు మాత్రం, తన పట్టింపు ఎవరో కనిపెట్టేశారని సిగ్గుపడి మేడ ఎక్కాడు. నేనేమో అది కోపమనుకున్నాను.

కిందికి దిగాక ఇసుకలో సంచుల పక్కన ఇద్దరం కూర్చున్నాం. నేనూ నీళ్లలోకి పోలేదు. బజ్జీలు తిన్నాం. నాకు ఈ మధ్యకాలంలో ఇంత ఆకలి ఎప్పుడూ వేయలేదు.

ఇక అసలు సంగతి. ఈరోజు రంజాన్ సెలవు కదా, మధ్యాహ్నం ఇంట్లో ఉండగా ఫోనుకు సందేశం వచ్చింది. ఆడబిడ్డ. ఏడాదిన్నర. కర్నూలులో శిశుగృహలో ఉంది. అక్కడ చంద్ర అని పిలుస్తారట. ఫొటోలో స్టీలు గ్లాసు ఒకటి రెండు చేతుల్తో పట్టుకుని, ఎవరైనా లాక్కుంటారేమోనన్నట్టు చూస్తోంది. సెలవైనా ఆయన డ్యూటీలో ఉంటే, నేను ఆఫీసుకు పరుగెత్తాను. ఆయన ఫొటో చూసి, గ్లాసులో ఏముందో అన్నాడు. ఇద్దరం సరేనని చెప్పేశాం. వచ్చే వారం కర్నూలు రమ్మన్నారు. కాగితాలు, డాక్టరు పరీక్ష చూసుకుని బిడ్డను మాతో పంపిస్తారట.

వంశీ అన్న ఫోనుకు ఫొటో పంపాను. అరిచి చెప్పకుండా చూపించమన్నాను.

పెద్దమ్మా, ఇది మన ఇంటి బిడ్డ కాదని నీకు ఉంటుంది. ఉండకూడదని నేను అనను. నువ్వు ఎత్తుకుంటే చాలు. ఎత్తుకోవడానికి నీకు కొంతకాలం పట్టినా సరే, నేను చూస్తూ ఉంటాను. ఇంతకంటే ఎలా అడగాలో నాకు తెలియడం లేదు.

నీ
సాహితి


వేంపల్లె,
4 ఏప్రిల్ 2025.

తల్లీ సాహితీ,

ఈ కవరు స్పీడ్‌పోస్టులో పంపిస్తున్నాను, మీరు బయలుదేరేలోపు అందాలి. అందకపోతే ఏం చేయాలో రమణికి చెప్పే ఉంచాను, అది ఫోనులో నీకు చెబుతుంది. కానీ నా నోటి మాటగా నా చేతి రాతలో ఉండాలని రాస్తున్నాను.

మొదటి కాన్పు పుట్టింటిది. మీ అమ్మ ఉన్నా ఇదే అనేది. కర్నూలు నుంచి బిడ్డను తీసుకుని మీరు నేరుగా సముద్రం ఒడ్డుకు పోతే నేను ఊరుకోను. దారిలో కడప ఎలాగూ తగులుతుంది, అక్కడి నుంచి మన ఊరెంత? బిడ్డ మొదట ఈ గడప తొక్కాలి. దిష్టి నేను తీస్తాను, నీళ్లు నేను పోస్తాను. నీకు కూడా తలకు పోసి, సాంబ్రాణి వేసి, కారం అన్నం పెట్టి పదకొండో రోజుకు గానీ పంపను. బడికి సెలవు పెట్టు. కాన్పయినదానికి సెలవు ఇవ్వరా?

ఎత్తుకోవడానికి నాకు కాలం పడుతుందేమోనని రాశావు. ఫొటో చూసినప్పటి నుంచి నేను వంశీకి వాడి ఫోను తిరిగి ఇవ్వలేదు. వాడు తోట నుంచి ఎవరికైనా ఫోన్ చేసుకోవాలంటే పక్క తోటకు పోతున్నాడు.

అటక మీద నుంచి వంశీ ఊగిన తొట్టెల దించాం. ఏడాదిన్నర పిల్ల అందులో పట్టదని రమణి నవ్వింది. పట్టకపోతే కాళ్లు బయటపెట్టుకుని ఊగుతుంది, నీకేం అన్నాను. దాని రెండోవాడు అప్పుడే ఎక్కి కూర్చుని దిగనంటున్నాడు. చంద్ర అనే పేరు మార్చవద్దు. పిలిచిన పేరుకు అలవాటుపడ్డ బిడ్డ, కొత్త పేరుతో పిలిస్తే ఎవరినో అనుకుంటుంది.

మీ అత్త ఇక్కడికే వస్తానంది. ఆమెతో నేను నేరుగా మాట్లాడాను, అంటే నేను మాట్లాడాను, ఆమె ఏమన్నదో వినబడలేదు. వస్తానన్నదని రమణి చెప్పింది. అల్లుడి నిర్వాకం అంతా రమణి ఆమెకు చెబితే, నా మాట వానికి ఇప్పుడు ఎక్కిందా అని ఒకటే నవ్వు, ఒకటే ఏడుపట.

అల్లుడికి చెప్పు. బిడ్డ చేతికి వచ్చాక మన ఊళ్లోనే మంగలిని ఇంటికి పిలిపిస్తాను. అంతవరకూ ఆ గడ్డం అలాగే ఉండనీ. ఎండాకాలం సెలవుల్లో నేను మీ ఊరొస్తాను. ఈ వయసు వచ్చినా నేను సముద్రం చూడలేదు. మీ పెదనాన్న తిరిగొచ్చి చెబితే విన్నదే. ఆ స్తంభం ఎంతవరకు ఎక్కగలిగితే అంతవరకు ఎక్కుతాను, బిడ్డ పక్కన ఉంటే కిందే కూర్చుంటాను.

నిన్న సుబ్బలక్ష్మమ్మకు చెప్పేశాను. ఇంక చెవిటిదానిలా కూర్చోవడం నావల్ల కాలేదు. ఉన్నదున్నట్టు, మొదటి నుంచి చివరిదాకా చెప్పాను. వీధి అరుగు మీద ఇంకో నలుగురు ఆడవాళ్లు కూడా ఉన్నారు. అందరూ నోళ్లు తెరిచి విన్నారు. ఫొటో చూపించాను. సుబ్బలక్ష్మమ్మ కళ్లద్దాలు పెట్టుకుని చాలాసేపు చూసింది. తర్వాత నా చెవి దగ్గరకొచ్చి, "సాహితి మోయలేదంటివి గదా. మరి ఎవురు మోసిన బిడ్డ మే ఇది?" అని అడిగింది.

"మా అల్లుడు మోసినాడు" అన్నాను.

ఎవరూ నవ్వలేదు. సుబ్బలక్ష్మమ్మ లేచి ఇంట్లోకి పోయి, దిష్టికి ఎండుమిరపకాయలు తెచ్చి నా కొంగులో పోసింది.

మీ రాక కోసం గేటు దగ్గరే ఉండే
అవ్వ